చెత్త బండి వచ్చే వేళకు



హైదరాబాద్ గల్లీల్లోకి పొద్దున్నే వచ్చే స్వచ్ఛ ఆటోను చాలామంది కార్పొరేషన్ బండి అనుకుంటారు. దాని మీద నగరపాలక సంస్థ పేరు ఉన్నమాట నిజమే. కానీ 2015లో ఈ ఆటోలను తెచ్చినప్పుడు పెట్టిన పద్ధతి వేరు. నడిపేవాడే యజమాని. బ్యాంకు అప్పు మీద బండి చేతికొస్తుంది, కిస్తీ డ్రైవరు కట్టుకోవాలి. అతనికి రాబడి రెండు దారుల్లో వస్తుంది. ఇంటింటా నెలకింత అని తీసుకునే రుసుము ఒకటి. పొడి చెత్తలోంచి ఏరి పాత సామాన్ల కొట్టులో అమ్ముకునే అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, ఇనప ముక్కలు రెండోది. నిన్నటి సాంబారు కవరు చిట్లి పాత పేపర్ల మీద కారిందంటే, ఆ పేపర్ల మీద రావలసిన డబ్బు పోయినట్టే. చాలా బండ్ల మీద భార్యాభర్తలిద్దరూ పనిచేస్తారు. ఒకరు బండి నడుపుతుంటే, ఇంకొకరు వెనక నిలబడి ఇళ్లవాళ్లు కలిపేసి ఇచ్చినదాన్ని చేతులతో విడదీస్తుంటారు.

గుమ్మం దగ్గర అర నిమిషంలో ముగిసిపోయే ఆ ఇచ్చిపుచ్చుకోవడం మీదే నగరం ఆరోగ్యం చాలావరకు ఆధారపడి ఉంది. ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది అదే.

2015కు ముందు వీధి మలుపులో చెత్తకుండీ ఉండేది. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు తెచ్చి పడేసేవారు. సగం లోపల, సగం బయట. కుక్కలు కవర్లు చింపేవి, ఆవులు ప్లాస్టిక్‌తో సహా తినేవి, వాన పడితే ఆ నీళ్లన్నీ మోరీలోకి దిగేవి. ఆ ఏడాది నగరపాలక సంస్థ సుమారు 22 లక్షల ఇళ్లకు ఇంటికి రెండు చొప్పున 44 లక్షల డబ్బాలు పంచింది. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. మొదటి విడతల్లో 2,000 దాకా ఆటోలు వీధుల్లోకి వచ్చాయి, తర్వాత ఆ సంఖ్య రెట్టింపు దాటింది. కుండీలను క్రమంగా తీసేశారు. ఆ డబ్బాల్లో ఎన్నో ఆ తర్వాత బియ్యం పోసుకోవడానికో, బట్టలు నానబెట్టడానికో వెళ్లిపోయాయి. ఒక్కటే మిగిలిన ఇళ్లలో తడీ పొడీ మళ్లీ ఒకచోట చేరాయి.

మన నగరాల్లో ఇళ్ల నుంచి వచ్చే చెత్తలో సగం దాకా, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే తడి చెత్త. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, వాడిన పూలు. ఇవి విడిగా ఉంటే కొన్ని వారాల్లో ఎరువవుతాయి, లేదా గ్యాస్ తీసే ప్లాంటుకు పనికొస్తాయి. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి, మిగతా చెత్తతో కలిపి పంపితే అవే వస్తువులు గాలి అందక కుళ్లి మీథేన్ వాయువును వదులుతాయి. డంపింగ్ యార్డుల్లో ఉన్నట్టుండి మంటలు లేవడానికి ఆ వాయువు ఒక పెద్ద కారణం. కుళ్లిన చెత్త నుంచి కారే నల్లటి ద్రవం భూమిలోకి ఇంకుతుంది.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. హైదరాబాద్ చెత్తలో చాలా భాగం చేరేది నగరానికి ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్‌కు. రోజుకు ఏడు వేల టన్నుల పైమాటే. అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న పాత గుట్ట బరువు సుమారు కోటీ ఇరవై లక్షల టన్నులు. దానిమీద మట్టి, ప్లాస్టిక్ పొరలు పరిచి గడ్డి పెంచారు. 2020లో అక్కడే చెత్తను మండించి దాదాపు 20 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. అయినా యార్డు పక్కనున్న మల్కారం చెరువులోకి దిగిన నల్లటి ఊట, చుట్టుపక్కల బోర్లలో రంగు మారిన నీళ్లు, రాత్రిపూట వాసనకు కిటికీలు మూసుకునే కాలనీలు, ఇవన్నీ అక్కడి జనం ఏళ్లుగా మొత్తుకుంటున్న సంగతులు. కరెంటు తీసే ప్లాంటుకు కూడా కావలసింది పొడి చెత్తే. నీళ్లోడుతున్న చెత్త వేస్తే, మంట శక్తిలో పెద్ద భాగం ఆ తడిని ఆరబెట్టడానికే ఖర్చవుతుంది. బంజారాహిల్స్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక వంటింట్లో కలిసిపోయిన చెత్తకు జవహర్‌నగర్‌లో పిల్లలున్న ఇల్లు మూల్యం చెల్లిస్తోంది. ఈ అన్యాయం నగరవాసులకు కనబడకపోవడానికి కారణం దూరమే.

చెత్తకూ జబ్బుకూ ఉన్న లంకె ఈ దేశానికి ఒళ్లు జలదరించేలా తెలిసివచ్చింది 1994 సెప్టెంబరులో. సూరత్‌లో ప్లేగు. అంతకుముందు వరదలు వచ్చి, నగరమంతా బురద, చచ్చిన పశువులు, తీయని చెత్త. యాభై మందికి పైగా చనిపోయారు. లక్షల మంది రైళ్లూ బస్సులూ పట్టుకుని ఊరొదిలి పారిపోయారు. వజ్రాలు సానపట్టే ఆ నగరంతో వ్యాపారం చేయడానికే కొన్నాళ్లు ప్రపంచం భయపడింది. మరుసటి ఏడాది అక్కడికి మున్సిపల్ కమిషనర్‌గా వెళ్లిన సూర్యదేవర రామచంద్రరావు తెలుగు మూలాలున్న ఐఏఎస్ అధికారి. ఆయన కొత్త యంత్రాలు కొని ఊరుకోలేదు. ఏసీ గదుల్లో కూర్చునే అధికారులు పొద్దున్నే వీధుల్లో ఉండాలన్నారు, తానూ ఉన్నారు. జోన్ల వారీగా అధికారులకు ఖర్చుపెట్టే అధికారం ఇచ్చారు, జవాబుదారీ కూడా వాళ్ల మీదే పెట్టారు. రాత్రిపూట రోడ్లు ఊడ్పించారు. వీధిలో చెత్త పడేసిన హోటళ్లకూ దుకాణాలకూ జరిమానాలు వేశారు, పేరున్నవాళ్లను కూడా వదలలేదు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్రమైన నగరంగా పేర్కొంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకున్నది కూడా ఆ సూరతే.

రెండేళ్లలోపే ఒక ఊరి జనం స్వభావం మారిపోదు. మారింది నమ్మకం. బండి రోజూ వస్తుందని, ఊడ్చేవాళ్లు రోజూ ఊడుస్తారని నమ్మకం కుదిరితే జనం చెత్తను ఇంట్లో ఆపుకుంటారు. రెండు రోజులు బండి రాకపోతే మూడో రోజు రాత్రి మూట మూల మీదికి వెళ్తుంది. ఒక్క మూట కనబడితే పక్కన ఇంకోటి పడుతుంది. కుండీ లేని చోట కుండీ పుట్టేది ఇలాగే.

తెలుగునాట కూడా ఇది చేసి చూపించినవాళ్లు ఉన్నారు. 2000ల మొదట్లోనే సూర్యాపేట మున్సిపాలిటీ కుండీలు లేకుండా ట్రాక్టర్లతో ఇంటింటా తడీ పొడీ విడిగా సేకరించి, వానపాములతో ఎరువు చేయించి పేరు తెచ్చుకుంది. 2012 అక్టోబరులో వరంగల్‌లో ఒక వారం పాటు పోటీ పెట్టారు. ఇతర పట్టణాల మున్సిపల్ సిబ్బంది వచ్చి, డివిజన్లు పంచుకుని, గడప గడపకూ వెళ్లి చెత్త విడదీయడం నేర్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన ‘క్లాప్’ కార్యక్రమం ఆకుపచ్చ, నీలం డబ్బాలకు తోడు ప్రమాదకర చెత్తకు ఎర్ర డబ్బాను కూడా ఇళ్లకు ఇచ్చింది. దానితోపాటు వచ్చిన చెత్త పన్ను మీద పెద్ద గొడవే జరిగి చివరికి రద్దయింది.  2025 జులైలో కేంద్రం ప్రకటించిన ‘సూపర్ స్వచ్ఛ లీగ్’లో పెద్ద నగరాల వరుసలో ఇండోర్, సూరత్, నవీ ముంబైలతో పాటు విజయవాడ నిలిచింది.

ఆ ఎర్ర డబ్బా గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. చదువుకున్న ఇళ్లలో సైతం పట్టించుకోని విషయం ఇది. షుగరు జబ్బున్నవాళ్లు ఇంట్లోనే ఇన్సులిన్ వేసుకుంటారు. సూది వాడి చెత్తబుట్టలో పడేస్తారు. రక్తం చుక్క చూసుకునే చిన్న సూది సంగతీ అంతే. పగిలిన గాజు గ్లాసు, గడ్డం గీసుకునే బ్లేడు, పసిపిల్లల డైపర్, ఆడవాళ్లు వాడిన ప్యాడ్, ముసలివాళ్ల పుండుకు కట్టిన గుడ్డ, ఇవన్నీ అదే బుట్టలోకి. ఆటో వెనక నిలబడి విడదీస్తున్న మనిషి చెయ్యి వీటి మీదే పడుతుంది. చాలాసార్లు చేతికి గ్లౌజు ఉండదు, ఉన్నా సూదిని అది ఆపలేదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి వాడేసిన సూదుల ద్వారా అంటుకునే జబ్బులు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. సూదులకు గట్టి ప్లాస్టిక్ సీసా ఒకటి, బిగుతుగా మూత పడేది, పక్కన పెట్టుకుంటే చాలు. నిండాక మూత బిగించి, మీద ‘సూదులు’ అని రాసి, బండి మనిషికి చెప్పి మరీ చేతికివ్వాలి. ప్యాడ్లూ డైపర్లూ పాత పేపర్లో చుట్టి, మీద ఎర్ర చుక్క పెట్టి ఇచ్చే అలవాటును పుణె, బెంగళూరుల్లో ప్రచారం చేసి వ్యాప్తిలోకి తెచ్చారు. ఆ చుక్క కనబడితే విప్పి చూడనక్కర లేదని అవతలి మనిషికి తెలుస్తుంది. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా ఇంటివాళ్లే తడి, పొడి, ప్రమాదకర చెత్తను విడదీయాలని, ప్యాడ్ల లాంటివాటిని చుట్టి ఇవ్వాలని చెప్పాయి. గడువు దాటిన మందులు, పాత బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు, పగిలిన ట్యూబులైట్లు ప్రమాదకర చెత్త కిందికి వస్తాయి.

ఇక దోమలు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేట ప్రాంతంలో, రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ పరిశోధనకే ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. అదే నగరంలో ఇన్నేళ్ల తర్వాత కూడా ఆగస్టు వస్తే నల్లకుంట కోరంటి దవాఖానా ముందు జ్వరాల వరుస కడుతుంది. ఇప్పుడు ఎక్కువగా భయపెడుతున్నది డెంగీ.

డెంగీని మోసే ఈడిస్ దోమ మురుగునీటి దోమ కాదు. శుభ్రమైన నిలవ నీళ్లు దానికి కావాలి, అవీ కొంచెమే. మేడమీద పడేసిన కొబ్బరి బోండంలో పట్టే నీళ్లు చాలు. పాత టైరు, పెరుగు డబ్బా, పూలకుండీ కింది పళ్లెం, వేసవి అయ్యాక మూలకు నెట్టిన కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, మూత సరిగా పడని సంపు. గుడ్డు నుంచి దోమ అయి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి అన్నీ ఒలకబోయాలంటారు. ఒలకబోస్తే మాత్రం సరిపోదు. ఈడిస్ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అతికిస్తుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ వాన పడగానే పిల్లలవుతాయి. కాబట్టి కూలరును, తొట్టిని పీచుతో గోడలు రుద్ది కడిగి, ఆరబెట్టి పెట్టాలి.

కాలనీలో ఒక డెంగీ కేసు రాగానే అందరూ అడిగేది ఫాగింగ్. పొగ కనబడితే పని జరిగినట్టు తృప్తి. ఆ పొగ చంపేది అప్పుడు గాల్లో తిరుగుతున్న పెద్ద దోమలను మాత్రమే. బోండంలో ఈదుతున్న దోమ పిల్లలు నాలుగు రోజుల్లో మళ్లీ దోమలై లేస్తాయి. నగరపాలక సంస్థలో ఎంటమాలజీ విభాగం ఒకటి ఉంది. ఆ సిబ్బంది ఇంటింటికీ వచ్చి నిలవ నీళ్లు చూస్తారు, మందు చల్లుతారు, చెరువుల్లో, వాడని బావుల్లో దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదులుతారు. వాళ్లు గేటు దగ్గరికి వస్తే ‘మా ఇంట్లో దోమల్లేవు’ అని బయటి నుంచే పంపేయడం మామూలైపోయింది. ఫాగింగ్ బండి కోసం పది ఫోన్లు చేసే ఇల్లు, మేడ మీదికి మనిషిని ఎక్కనివ్వదు. డెంగీ తగ్గాలంటే ఈ రెండోదే ముందు మారాలి.

మరో అలవాటు, రాలిన ఆకులతో పాటు కవర్లూ కుప్పవేసి నిప్పుపెట్టడం. చలికాలం పొద్దున్నే వాచ్‌మెన్ల చలిమంటల్లో కూడా ప్లాస్టిక్ మండుతుంటుంది. దాంట్లోంచి వచ్చే పొగలో డయాక్సిన్ల వంటి విషపదార్థాలు ఉంటాయి. ఆస్తమా ఉన్న పిల్లలకు ఆ ఒక్క పూట చాలు ఆయాసం ఎత్తుకోవడానికి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో బహిరంగంగా చెత్త కాల్చితే మామూలుగా 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని తీర్పు చెప్పింది.

చెత్త మూల మీద పడేసేవాళ్లంతా నిర్లక్ష్యపు మనుషులేం కాదు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లలు, రాత్రి డ్యూటీ చేసి పొద్దున పడుకునే ఉద్యోగులు, తెల్లారకముందే అడ్డా మీదికి వెళ్లే కూలీలు, వీళ్లెవరూ ఏడెనిమిది గంటల మధ్య వచ్చే బండికి ఎదురుపడరు. అద్దె ఇంట్లో రుసుము ఎవరు కట్టాలన్న పేచీ ఒకటి. ఓనరు కట్టడు, అద్దెకున్నవాళ్లు కట్టరు, ఆటో ఆ గేటు ముందు ఆగదు. వీటికి పరిష్కారాలు చిన్నవే. పొడి చెత్త వాసన కొట్టదు, కడిగి ఆరబెట్టి సంచిలో వేస్తే వారమైనా ఉంటుంది, ఆదివారం ఇవ్వొచ్చు. తడి చెత్తను ఎదురింటావిడకో, వాచ్‌మెన్‌కో అప్పజెప్పి వెళ్లొచ్చు. రుసుము సంగతి అద్దె మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాలి, నీళ్ల బిల్లు తేల్చుకున్నట్టు. బండి వేళ మార్చమని అడిగే హక్కు కూడా కాలనీకి ఉంది. సాయంత్రం ఒక విడత కావాలని అడగవచ్చు.

పెద్ద అపార్ట్‌మెంట్లకు బాధ్యత ఇంకా ఎక్కువ. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే సముదాయాలు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని 2016 నియమాలు చెప్పాయి. లిఫ్టులకూ, జిమ్‌కూ లక్షలు పెట్టే సంఘాలు కంపోస్టు గుంటకు చోటు లేదనడం ఒప్పుకోదగ్గ మాట కాదు.

పాత పరుపులు, విరిగిన సోఫాలు, ఇల్లు బాగుచేయించినప్పుడు వచ్చే ఇటుక ముక్కలు రాత్రికి రాత్రి నాలాలోకి వెళ్తాయి. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ వరదనీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు హైదరాబాద్ చూసింది, నాలా మూసుకుంటే ఏమవుతుందో. వరద తర్వాత వచ్చేవి వాంతులు, విరేచనాలు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి అంటుకునే లెప్టోస్పైరోసిస్. కట్టడాల శిథిలాలను పిండి చేసి ఇసుకగా, ఇటుకలుగా మార్చడానికి జీడిమెట్లలో 2020లో, ఫతుల్లాగూడలో ఆ తర్వాత ప్లాంట్లు పెట్టారు. మేస్త్రీతో బేరం కుదుర్చుకునేటప్పుడే ఆ మట్టి ఎక్కడ పోస్తాడో అడిగితే సగం నాలాలు బతుకుతాయి.

చివరగా, ఫిర్యాదు. సేవను వాడుకోవడంలో ఇదీ ఒక భాగమే, చాలామంది దీన్ని గొడవ అనుకుని మానేస్తారు. బండి వరసగా రాకపోతే, మూల మీద గుట్ట పడితే, వీధిలో జ్వరాలు ఎక్కువైతే నగరపాలక సంస్థ కాల్ సెంటర్ 040-21111111కు చెప్పవచ్చు, ‘మై జీహెచ్ఎంసీ’ యాప్‌లో ఫొటో పెట్టవచ్చు. నల్లా నీళ్లలో మురుగు వాసన వస్తే అది జలమండలి పని, నంబరు 155313. ఫోన్‌లో ‘మా వీధిలో చెత్త ఉంది’ అంటే సరిపోదు. ఏ గుడి పక్కన, ఏ స్తంభం దగ్గర, ఎన్ని రోజులుగా ఉందో చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. పని జరగకుండానే ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తే అదే నంబరుతో మళ్లీ తెరిపించాలి. 2023 జూన్‌లో అప్పటి 150 వార్డుల్లో వార్డు ఆఫీసులు తెరిచి, పారిశుద్ధ్యం చూసేవాళ్లనూ, దోమల విభాగం వాళ్లనూ ఒకే కప్పు కిందికి తెచ్చారు. ఫోన్‌తో కాని పని అక్కడికి నలుగురూ కలిసి వెళితే తరచు అవుతుంది. వెళ్లేటప్పుడు ఆ వీధికి వచ్చే ఆటో డ్రైవరును కూడా వెంటబెట్టుకుపోవడం మంచిది. ఏ ఇళ్లు ఇవ్వడం లేదో, ఏ మూల ఎందుకు నిండుతోందో, చెత్తను దించే బదిలీ కేంద్రం దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తోందో అతనికే సరిగ్గా తెలుసు.